సీలు విప్పని రేడియో

ఒక మనిషి తన చేజేతులా ఒక రేడియోని రెండేళ్ళపాటు మూగదాన్ని చేసి, ఆఖరికి ఊరందరినీ తన వాకిట్లో చాపలేసి కూర్చోబెట్టుకుని వాళ్ళ కళ్ళముందే పరువు పోగొట్టుకున్న వైనం చెబుతాను, వినండి. ఆ మనిషి ఎవరో కాదు, నేనే. లైటు ఆర్పకుండా గది దాటిన మనవల వీపు మీద విమానం మోత మోగించే ఈ ముసలమ్మే. నా పొదుపు మీద మా ఇంట్లో బోలెడు కథలున్నాయి. ఈ ఒక్క కథ మాత్రం నా ఎదురుగా ఎవరూ చెప్పరు. నా వెనకాల చెప్పుకుంటారని నాకు తెలుసు. వాళ్ళు చెబితే ఉప్పూ కారం ఎక్కువేస్తారు. ఉప్పూ కారం ఊరికే వస్తున్నాయా? అందుకని నేనే చెప్పేస్తున్నాను.

ముందుగా నా చదువు సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే తరవాతి బుద్ధితక్కువ మీకు అర్థం కాదు. మాది పార్వతీపురం వైపు పల్లె. బడిలో కూడికలు నేర్పారు. తీసివేతలు మొదలయ్యే లోపు మా అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని పొలానికి లాక్కుపోయింది. అందుకే కాబోలు, నాకు కూడబెట్టడమే తెలుసు, తియ్యడం తెలీదు.

పెళ్ళయ్యాక అరకు దగ్గర కొండల్లో ఒక చిన్న స్టేషనుకు వెళ్ళాను. మా ఆయన రైల్వేలో పాయింట్స్‌మాన్. రైలు ఏ పట్టా మీదికి పోవాలో ఆయన చెప్పినట్టు పోయేది. ఇంట్లో మాత్రం ఆయన నేను చెప్పిన పట్టా మీద పోయేవారు. మా క్వార్టరు వెనకాలే కొండవాళ్ళ ఊరు, పాతిక ఇళ్ళు. అందులో మొదటి ఇల్లు గురుబారిది. అల్లం, పసుపు, రాజ్మా పండించి సంతకు మోసుకుపోయేది. నా వయసుదే. నన్ను 'వదినా' అనేది. నేను గీసి గీసి బేరమాడితే, నాకంటే గట్టిగా బేరమాడే మనిషి ఆ కొండల్లో అదొక్కతే. అందుకే స్నేహం కుదిరింది.

మా ఆయనకి ఒకటే కోరిక, రేడియో. నాలుగేళ్ళు అడిగారు. నాలుగేళ్ళు వద్దన్నాను. అయిదో ఏడు ఆయన అడగడం మానేసి, సాయంత్రాలు మౌనంగా కూర్చుని కొండల వైపు చూడడం మొదలుపెట్టారు. తిడితే తిరిగి తిట్టొచ్చు, ఊరుకున్నవాణ్ణి ఏం చేస్తాం? ఒక బుధవారం బస్సెక్కి విజయనగరం వెళ్ళాం.

షాపాయన చందనపు బొట్టు పెట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళని పలకరించినట్టు పలకరించాడు. బల్ల మీద ట్రాన్సిస్టరు పెట్టి మోగించాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. నేను మాత్రం ధర కాగితం వైపే చూస్తున్నాను.

"అమ్మా, దీనికి కంపెనీ వారంటీ ఏడాది. మా షాపు తరఫున ఇంకో రెండేళ్ళు ఎక్స్‌ట్రా వారంటీ ఉంది. కొంచెం పైన ఇస్తే చాలు, మూడేళ్ళు నిశ్చింతగా నిద్రపోవచ్చు."

"నిద్దరోడానికైతే రేడియో ఎందుకు బాబూ? వారంటీ అంటే ఏటి?"

"పాడైతే బాగుచేసి ఇస్తాం. బాగవకపోతే కొత్తది ఇస్తాం."

"పాడవ్వకపోతే?"

షాపాయన కాస్త తడబడ్డాడు. "పాడవ్వకపోతే... ఏమీ ఇవ్వం తల్లీ."

"ఏటీ ఇవ్వనిదానికి పైన డబ్బులెందుకు?"

"పాడవుతుందేమోనని."

"పాడయ్యే సరుకు ఎందుకమ్ముతన్నావు మరి?"

మా ఆయన తలెత్తి పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు. షాపాయన నుదుటి మీద చందనం కరగడం మొదలైంది. "పాడవ్వదమ్మా, ఒకవేళ అయితే అని!"

చూడండి, ఆ 'ఒకవేళ' అన్న మాటే నన్ను దెబ్బ తీసింది. పొదుపరికి 'ఒకవేళ' కంటే భయంకరమైన మాట లేదు. సరేనన్నాను. అయితే వంకాయలు కొన్నా చేతిలో రెండు కొసరు పడకపోతే కదలని మనిషిని, రేడియోకి కొసరు లేకుండా ఎలా కదులుతాను?

"కొసరేటి ఇస్తావు?"

"రేడియోకి కొసరేంటి తల్లీ!"

"వంకాయకే ఉంతాదే, రేడియోకి ఉండదా?"

పావుగంట వాదించాక, నన్ను వదిలించుకుంటే చాలనుకున్నాడేమో, మూడు సెల్లులు తీసి రేడియో లోపల వేశాడు. "ఇదిగో, కొసరు. లోపలే వేసేశాను." తరవాత దాన్ని అట్టపెట్టెలో పెట్టి, మూత మీద గోధుమరంగు కాగితం జిగురుతో అంటించి, దాని మీద షాపు గుండ్రటి స్టాంపు ధన్ మని గుద్దాడు. వారంటీ కార్డు నా చేతిలో పెడుతూ అన్నాడు.

"ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. సీలు విప్పనంతకాలం మీ వారంటీకి ఢోకా లేదు. సీలు విప్పారో, ఇక మాకూ దానికీ సంబంధం లేదు."

నా కళ్ళెదుట పెట్టె మీద తడి ఆరని స్టాంపు ముద్ర మెరుస్తోంది. సీలంటే అదే కదా! మీరైతే ఏమనుకుంటారు? నిజం చెప్పండి.

ఇంటికి రాగానే మా ఆయన కూరగాయల కత్తి పట్టుకుని పెట్టె మీదికి వంగారు. నేను పెట్టెకి అడ్డంగా నిలబడ్డాను.

"ఏటి సేత్తన్నారు?"

"ఏటి సేత్తానే, విప్పుతున్నాను."

"సీలు విప్పితే వారంటీ పోద్దని ఆయన సెప్పలేదేటి? మీ సెవులకి పాటలు తప్ప మాటలు వినపడవా?"

"విప్పకపోతే ఎలా మోగుద్దే?"

"మోగితే అరిగిపోద్ది. అరిగితే పాడవుద్ది. విప్పకుండా ఉంచితే మూడేళ్ళేటి, ముప్పయ్యేళ్ళు వారంటీ ఉంతాది. ఆయన నోటితోటే అన్నాడు, సీలు విప్పనంతకాలం అని."

మా ఆయన కత్తి కింద పెట్టి నన్ను చాలాసేపు చూశారు. రైలు వస్తోందని గంట మోగాక, ఆ గంట కొట్టినవాడు 'ఇంతకీ నేను పట్టా మార్చానా?' అని ఆలోచించుకుంటున్నట్టు ఉంది ఆయన ముఖం. నాకూ లోపల ఎక్కడో తికమకగానే ఉంది. కానీ మాట అనేశాక వెనక్కి తీసుకోవడం అంటే అది తీసివేత. నాకు తీసివేతలు రావని ముందే మనవి చేశాను.

పెట్టెని గూట్లో పెట్టి, పసుపు బొట్టు పెట్టి, తుండుగుడ్డ కప్పాను. మర్నాడు గురుబారి చూడ్డానికి వచ్చింది.

"ఏటి వదినా, రేడియో కొన్నారంట. ఏదీ, ఓపాలి పాడించు."

"పాడించకూడదు. దానికి వారంటీ ఉంది."

"వారమా? ఏ వారం?"

వాళ్ళలో బిడ్డ పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. గురువారం పుట్టింది కాబట్టి ఇది గురుబారి. దానికి వారంటీ అంటే పుట్టిన వారం అనే అర్థమైంది. నేను విడమరిచి చెప్పాల్సింది. నాకే సరిగ్గా తెలీదు, ఏం చెబుతాను? "బుధవారం కొన్నాం" అన్నాను.

"అలగైతే బుద్రు!" అంటూ చేతులు చరిచింది. "బుద్రుగాడు బాగున్నాడు వదినా. మూగోడేటి?"

ఆ రోజు నుంచి ఊరంతటికీ మా రేడియో బుద్రు. సంతలో ఎవరు కనిపించినా, "బుద్రుగాడికి మాటలొచ్చాయేటమ్మా?" అని అడిగేవాళ్ళు, ఇంట్లో బిడ్డ గురించి అడిగినట్టే. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అంటారు. మా ఇంట్లో ఆ ఈగల మోత కూడా లేదు.

ఇంకో తమాషా చెబుతాను, నవ్వకండి. ఆ రోజుల్లో రేడియోకి ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. కట్టాను. మోగని రేడియోకి రెండేళ్ళు లైసెన్సు కట్టిన మనిషి ఈ దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా ఆయన పాటలు వినాలంటే స్టేషన్ ఎదురుగా టీ దుకాణానికి పోయేవారు. అక్కడ పాట వింటే టీ తాగాలి. రోజూ టీ. "ఆ టీలు దండగ" అని నేను, "ఆ టీ కూడా వారంటీలో భాగమే" అని ఆయన. అలా రెండేళ్ళు గడిచాయి. రెండో ఏడు ఆఖర్లో ఆ టీ దుకాణం మూతపడింది. మా ఆయన మళ్ళీ కొండల వైపు చూడ్డం మొదలుపెట్టారు.

అప్పుడొచ్చింది అసలు గండం.

ఒకరోజు రేడియో స్టేషన్ వాళ్ళు జీపులో పరికరాలు తెచ్చి, గురుబారి వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళ చేత పాటలు పాడించి టేపులో పట్టుకుపోయారు. చోడి చేలో, అంటే రాగి చేలో, కలుపు తీస్తూ పాడే పాట. అందరిలో పైగొంతు గురుబారి తల్లిది. ముసలామె. పళ్ళు రాలిపోయాయి, మోకాళ్ళు పనిచెయ్యవు, గొంతు మాత్రం లోయ అవతల కొండకు తగిలి తిరిగొచ్చేది. వచ్చే ఆదివారం సాయంత్రం ఆరున్నరకి ఆ పాట వేస్తామని కబురొచ్చింది. ముసలామె ఆ మధ్య జ్వరపడి లేచింది. గంజి కూడా సరిగ్గా తాగడం లేదు. కానీ పాట కబురు తెలిశాక లేచి కూర్చుందట. 'నా గొంతు నేనోపాలి బయట్నుంచి వినాలి, ఆ తరవాత ఏటైనా పర్లేదు' అందట.

గురుబారి వచ్చి నా ముందు నిలబడింది. ఎప్పుడూ పరాచికాలాడే మనిషి ఆ రోజు ఆడలేదు.

"వదినా, ఊళ్ళో ఇంకెవుల దగ్గరా రేడియో నేదు. మాయమ్మ కోసం ఓపాలి బుద్రు నోరు తెరిపించు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో సీలు! తెరిస్తే వారంటీ పోతుంది. తెరవకపోతే ముసలామె ఉసురు తగులుతుంది. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పట్టాను. ఆ ఉపాయం గుర్తొస్తే ఇప్పటికీ నా తల నేనే గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

"విజయనగరం పోయి, షాపాయన దగ్గర సీలు విప్పడానికి పర్మిషన్ తీసుకుందాం" అన్నాను.

గురువారం పొద్దున్నే గురుబారీ నేనూ బస్సెక్కాం. పెట్టె నా ఒళ్ళో. అనంతగిరి ఘాటు మలుపుల్లో బస్సు ఊగినప్పుడల్లా నేను పెట్టెని పసిబిడ్డలా కావలించుకున్నాను. పక్కన గురుబారి, "బుద్రుకి కళ్ళు తిరుగుతున్నాయేమో వదినా, కిటికీ పక్కన కూకోబెట్టు" అంటుంది. బస్సులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వడానికి నాకేం వారంటీ ఉంది?

షాపాయన ఇంకా చందనం బొట్టుతోనే ఉన్నాడు. పెట్టె బల్ల మీద పెట్టి విషయం చెప్పాను.

"బాబూ, సీలు విప్పడానికి పర్మిషన్ కావాలి. ఆదివారం ఒక్క పూటకే. సోమవారం మళ్ళీ తెస్తాను, మీరే స్టాంపు గుద్దీండి."

ఆయన పెట్టెని చూశాడు. కాగితం చూశాడు. నన్ను చూశాడు.

"ఇది... రెండేళ్ళ కిందట కొన్నారు కదమ్మా?"

"అవును."

"ఇంకా పెట్టె తెరవలేదా?"

"మీరే కదా విప్పొద్దన్నారు!"

షాపాయన నవ్వడం మొదలుపెట్టాడు. లోపల గుమస్తా నవ్వాడు. సరుకు కొనడానికి వచ్చిన ముగ్గురు ఎందుకో తెలీకుండానే నవ్వారు. గురుబారి కూడా మర్యాద కోసం నవ్వింది. ఆయన బల్ల మీది తాళంచెవి తీసి ఆ కాగితాన్ని పర్రున చీల్చేశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. రేడియో బయటికి తీసి, వెనక్కి తిప్పి, ఒక స్క్రూ మీద కందిపప్పు గింజంత ఎర్ర లక్క చుక్క చూపించాడు.

"ఇదీ తల్లీ సీలంటే! ఈ మర ఎవరూ విప్పకూడదని. పెట్టె మీదది ఉత్త కాగితం!"

రెండేళ్ళు బొట్టు పెట్టి పూజించింది ఉత్త కాగితాన్ని! సరే, పోనీలే, రేడియో కొత్తగానే ఉంది కదా, అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఆయన మీట తిప్పాడు. మోగలేదు. మళ్ళీ తిప్పాడు. మోగలేదు. వెనక సెల్లుల మూత తీశాడు. గుప్పున వాసన. మూడు సెల్లులూ ఉబ్బి, చీము కారినట్టు కారి, లోపలంతా తెల్లటి ఉప్పు పట్టిపోయి ఉంది.

"సెల్లులు కారిపోయాయమ్మా."

"పర్లేదు బాబూ, వారంటీ ఉంది కదా. బాగుచేసీండి."

"సెల్లులు కారితే వారంటీ వర్తించదు."

"ఆ సెల్లులు ఎవులేశారు? మీరే కదా!"

"అది కొసరు తల్లీ. కొసరుకి వారంటీ ఉండదు."

నా జన్మలో కొసరు నాకు ఎదురు తిరిగింది అదే మొదటిసారి.

"అయినా," అంటూ కార్డు తీసుకున్నాడు. దాని నిండా చీమలు బారులు తీరినట్టు ఇంగ్లీషు అక్షరాలు. కింద నాలుగు ఖాళీ గళ్ళు. "ఎక్స్‌ట్రా వారంటీ ఉండాలంటే ఆరు నెలలకోసారి తెచ్చి చూపించి ఈ గళ్ళలో స్టాంపు వేయించుకోవాలి. ఒక్కటీ లేదే?"

అవి అష్టాచెమ్మా గళ్ళలా ఉన్నాయని అనుకున్నాను తప్ప, ఎందుకున్నాయో నేనెప్పుడూ అడగలేదు.

"వాడితే కదా బాబూ చూపించడం! నాను ఒక్క రోజూ వాడనేదు."

"అదే కదమ్మా తప్పు. వాడుతూ పాడైతే మాది బాధ్యత. వాడకుండా పాడైతే ఎవరిది?"

"వాడకుండా ఉంచితే ఇంకా మంచిది కదేటి?"

"మంచిది. కానీ వారంటీలో లేదు."

గురుబారి మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. ఇక ఆగలేక అడిగింది. "బాబూ, ఒక్క మాట సెప్పు. బుద్రు బాగవుతాడా, అవడా?"

"బుద్రు ఎవరు?"

"ఇదే!" అని రేడియో మీద చెయ్యేసింది.

షాపాయనకి నా మీద దయ కలిగినట్టుంది, మెత్తబడ్డాడు. "సరే, మీ కోసం కంపెనీకి రాస్తాను. ఉప్పు లోపలికి దిగిందేమో చూడాలంటే మర విప్పాలి. మర విప్పాలంటే సీలు తియ్యాలి. సీలు నేను తియ్యకూడదు. కంపెనీ మనిషే తియ్యాలి. ఆయన నెలకోసారి వస్తాడు. మొన్ననే వచ్చి వెళ్ళాడు."

"ఆదివారానికి కావాలి బాబూ!"

"అయితే బయట ఎవరి చేతైనా విప్పించుకోండి. కానీ విప్పించారో, వారంటీ పోయినట్టే."

అంటే ఏమిటి? రేడియో పాడైతే బాగుచేస్తారు. బాగుచెయ్యాలంటే విప్పాలి. విప్పితే వారంటీ పోతుంది. వారంటీ పోతే బాగుచెయ్యరు. నేను నాలుగుసార్లు వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకున్నాను. ప్రతిసారీ మొదలెట్టిన వేలి దగ్గరికే వచ్చాను. గానుగెద్దు కూడా అప్పుడప్పుడు ఆగుతుంది. ఈ వారంటీ ఆగదు.

షాపు మెట్టు మీద పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాను. "నెల ఆగుదామా?" అన్నాను. సిగ్గులేకుండా నిజంగానే అన్నాను. డబ్బులిచ్చి కొన్న వారంటీ కదా, చంపుకోవడానికి మనసొప్పలేదు.

గురుబారి నా పక్కన కూర్చుంది. కోపంగా అనలేదు. చాలా నెమ్మదిగా అంది.

"వదినా, నీ వారంటీ నెల బతుకుతాది. మాయమ్మ బతుకుతాదో నేదో."

నేను లేచాను. వీధి చివర చెక్క బల్ల మీద రేడియోలు బాగుచేసే మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. చెవిలో బీడీ, చేతిలో స్క్రూడ్రైవరు. రేడియో ఆయన ముందు పెట్టాను.

"సీలు ఉందమ్మా, విప్పమంటారా?"

సూది వేయించుకునేటప్పుడు చూడండి, ముఖం అటు తిప్పుకుని చెయ్యి మాత్రం చాపుతాం. అలా తల అటు తిప్పుకుని చెయ్యి ఊపాను, కానియ్యమని.

గీకుతున్న చప్పుడు. తుడుస్తున్న చప్పుడు. మళ్ళీ గీకుడు. పది నిమిషాలు కూడా కాలేదు. హఠాత్తుగా నా వీపు వెనక ఎవరో గొంతెత్తి వార్తలు చదివారు. ఉలిక్కిపడి తిరిగి చూస్తే, మోగుతోంది!

"మర విప్పక్కర్లేకపోయిందమ్మా. ఉప్పు రేకుల మీదే ఉంది. గరుకు కాగితంతో గీకి కొత్త సెల్లులేశాను. మీ సీలు అలాగే ఉంది."

లక్క చుక్క చెక్కు చెదరలేదు! అంటే రేడియో బాగైంది, వారంటీ కూడా మిగిలింది! నా ఆనందం చూడాలి. ఈ దేశంలో నా అంత తెలివైన ఆడది ఉందా అనుకున్నాను. దేవుడు సరిగ్గా ఆ మాట విన్నాడు.

ఆదివారం వచ్చింది. నాలుగింటికే మా వాకిలి నిండిపోయింది. చాపలు, గోనెసంచులు, పీటలు అన్నీ పరిచాను. ముసలామెని అల్లుడు వీపు మీద మోసుకొచ్చి ముందు వరసలో దించాడు. ముడతల ముఖం, ముక్కుకు మూడు పోగులు, కొత్త చీర. ముందే చెవి మీద చెయ్యి ఆనించుకుని సిద్ధంగా కూర్చుంది. రేడియో పీట మీద ఉంది. నోరు మూసుకునే ఉంది.

అయిదున్నరకి మా ఆయన అన్నారు. "ఏమే, ఓపాలి పెట్టి స్టేషన్ ఎక్కడొస్తాదో సూసుకుందామా?"

"ఇప్పుడెందుకు? ఆరున్నరకి కదా."

"ముందే సరిచేసుకుంటే—"

"కొత్త సెల్లులు! సెట్టుకి కాస్తన్నాయేటి? ఆరున్నర అంటే ఆరున్నరే. ఒక్క నిమిషం ముందు పెట్టినా ఒప్పుకోను."

ఆరింటికి ఇంకోసారి అడిగారు. ఆయన కేసి ఒక చూపు చూశాను. రైళ్ళని ఆపే మనిషి ఆ చూపుకి ఆగిపోయారు.

స్టేషన్ గడియారంలో ఆరున్నర అయ్యాక మీట తిప్పాను. బుస్సుమంది. అంతే. ఒట్టి బుస. విజయనగరంలో ముల్లు ఏ గీత మీద ఉంటే వినపడిందో, అదే గీత మీద కొండల నడుమ మా వాకిట్లో ఏమీ లేదు. రెండేళ్ళు ఇంట్లో రేడియో ఉండి, ముల్లు ఎటు తిప్పాలో ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తెలీదు!

"ఇటు తిప్పు!"

"అటు కాదే, ఇటు!"

"లోయ వైపు పెట్టండమ్మా!"

"ఎత్తు మీద పెట్టాలి, ఎత్తు మీద!"

మా ఆయన రేడియోని నెత్తిన పెట్టుకుని బల్ల ఎక్కారు, ముల్లు తిప్పడానికి వెనకాలే నేనూ ఎక్కాను. తెలీని భాషలో ఎవరో కోప్పడ్డారు. ముల్లు జరిపాను. సినిమా పాట. జరిపాను. బుస. జరిపాను. ఎవరో ధాన్యానికి పురుగుమందు గురించి చెబుతున్నారు. ముసలామె చెవి మీంచి చెయ్యి తియ్యలేదు.

"డప్పు! డప్పు వినిపించింది, వెనక్కి!" అని అరిచింది గురుబారి.

వెనక్కి తిప్పాను. డప్పు చప్పుడు, చటుక్కున ఆగింది. పాట అయిపోయింది. ఆ ఆగిన చోట, ఆ నిశ్శబ్దంలో, ముసలామె గొంతు స్పష్టంగా, మా ఆయన నెత్తి మీంచి, వాకిలంతా మోగేలా వినిపించింది.

"అయిపోనాదేటి బాబూ? ఇంక సుట్ట ముట్టించుకోనా?"

ఆ వెంటనే ఎవరో గంభీరంగా, ఇంతవరకూ మీరు గిరిజన గీతం విన్నారని చెప్పారు. తరవాత వాయిద్యం.

నేను తల ఎత్తలేకపోయాను. అంతలో ముందు వరసలో చప్పుడైంది. ముసలామె తొడ చరుచుకుంటోంది.

"ముట్టించుకో! ముట్టించుకోయే! ఎవులొద్దన్నారు!" అని రేడియోకి జవాబు చెప్పి, కొంగులోంచి చుట్ట తీసి నిజంగానే ముట్టించుకుంది. ఊరంతా పగలబడి నవ్వింది. మా ఆయన బల్ల మీంచి దిగలేక నవ్వారు.

ముసలామె రెండు పొగలు పీల్చి నా వైపు తిరిగింది. "బాగా సెప్పింది. ఇంకోపాలి సెప్పించవే దాన్చేత."

"మళ్ళీ సెప్పదమ్మా. ఓసారి పోయింది పోయినట్టే" అన్నాను.

"అన్నీ దాస్తావు కదా వదినా," అంది గురుబారి, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతోనో దేనితోనో నాకు తెలీలేదు, "ఒక్క పాట దాచలేకపోనావా?"

ముసలామె నా జవాబు కోసం చూడలేదు. చుట్ట పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, కూర్చున్న చోటే పాట ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. మొదటి నుంచి చివరి దాకా, ఒక్క చరణం తగ్గకుండా పాడారు. మీట తిప్పలేదు, ముల్లు జరపలేదు, సెల్లు అరగలేదు. అవతలి కొండ కూడా ఆ పాటని తిరిగి అప్పజెప్పింది. ముసలామె ఆ తిరిగొచ్చిన గొంతును చెవి మీద చెయ్యి పెట్టుకుని విని, తల ఊపింది.

కాబట్టి చదువరులారా, మీ అందరి సాక్షిగా, మా ఆయన మీద ఒట్టేసి, ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ వస్తువు ఇంటికొచ్చినా ఆ పూటే విప్పుతాను. మోగేదైతే మోగిస్తాను, వెలిగేదైతే వెలిగిస్తాను, తిరిగేదైతే తిప్పుతాను. వారంటీ అన్నవాడి చేత, ఏది విప్పాలో ఏది విప్పకూడదో వేలు పెట్టి చూపించమంటాను. లోపల వేసిన కొసరు బయటికి తీయించి చేతిలో పెట్టించుకుంటాను. ఆరున్నర పాటకి ఆరింటికే మీట తిప్పుతాను.

అయిదూ ముప్పావుకి మాత్రం తిప్పమంటే తిప్పను. సెల్లులు ఊరికే రావు.